రాయికీ ఊరు పేరు కావాలి

హైదరాబాద్‌లో మా లాల్‌దర్వాజ ఇళ్లలో చాలాచోట్ల దేవుడి మందసంలో సాలగ్రామం కనిపిస్తుంది. నల్లగా, నున్నగా, లోపల చుట్టలు తిరిగిన చక్రంతో. ఆ చక్రం అమ్మొనైట్ అనే సముద్రజీవి వదిలి వెళ్లిన గుల్ల. హిమాలయాలు ఇంకా లేని కాలంలో, అక్కడ టెథిస్ సముద్రం ఉన్నప్పుడు బతికింది. సుమారు పదిహేను కోట్ల ఏళ్ల కిందటి మాట. పాతబస్తీలో శిలాజం చూడాలంటే మ్యూజియం దాకా పోనక్కర్లేదు.

పెద్దలు సాలగ్రామానికి పెట్టిన కట్టుబాట్లు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వెల కట్టకూడదు, అమ్మకూడదు. ఇంట్లో ఉందంటే నిత్యం అభిషేకం, నైవేద్యం జరగాలి. చేసే ఓపిక లేని రోజు వస్తే గుడికో, చేయగలిగిన వాళ్లకో అప్పగించాలి. ఎక్కడిదని అడిగితే గండకీ నది అని ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాళ్ల మీద ఇష్టం పెరిగి శిలాజాల గురించి చదవడం మొదలుపెట్టాక ఆశ్చర్యమేసింది. పుట్టినచోటు మరవకు, అమ్ముకోకు, చూసుకోలేకపోతే చూసుకునేవాళ్లకు ఇవ్వు అని మ్యూజియం వాళ్లు చెప్పేదీ ఇదే.

ఇందులో మొదటిదే అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం. నౌబత్‌పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడిన డైనోసార్‌ను చూడండి. 1970ల చివర్లో ప్రాణహిత-గోదావరి లోయలో యామనపల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) వాళ్లు తవ్వితే 840 ఎముకలు దొరికాయి. కనీసం 12 జంతువులవని తేల్చారు. 1988లో పి. యాదగిరి ఆ జాతికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కింది. పన్నెండని ఎలా చెప్పగలిగారు? ఎముకలన్నీ ఒక్కచోట, ఒక్కచేతి కింద ఉన్నాయి కనుక. ఒకే వైపు కాలి ఎముక ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటే కనీసం ఎన్ని జంతువులో తెలుస్తుంది. అదే దారిన పోయినవాళ్లు తలా ఒకటి ఎత్తుకుపోయి షోకేసుల్లో పెట్టుకుని ఉంటే అవి 840 వింత రాళ్లుగా మిగిలేవి.

ఆ జంతువు తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. రేపు ఏ రైతు నాగలికో, ఏ పిల్లవాడి కాలికో దాని పుర్రె ముక్క తగలొచ్చు. తగిలినవాళ్లు ఏం చేస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

చేయాల్సింది కష్టమైన పనేం కాదు. తవ్వొద్దు, కడగొద్దు. పక్కన ఒక పెన్నో స్కేలో పెట్టి ఫోటో తీయాలి. ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టుకోవాలి. ఏ రంగు మట్టి పొరలో ఉంది, ఎటు తిరిగి ఉంది అన్నది రాసుకోవాలి. బయటికి తీయడం నేర్చినవాళ్లు తీస్తారు. పెళుసెక్కిన ఎముక చుట్టూ గోనెపట్టా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టి, కింది మట్టితో సహా లేపుతారు. మెరుపు కోసం వార్నిష్ పూసేవాళ్లను, విరిగితే ఫెవిక్విక్ పెట్టేవాళ్లను చూశాను. ప్రేమతోనే చేస్తారు, కానీ రాయి పాడవుతుంది. మ్యూజియాల్లో పెరలాయిడ్ అనే జిగురు వాడతారు. తర్వాతి తరం వాళ్లకు ఇంకా మంచి పద్ధతి దొరికితే అసిటోన్‌తో దాన్ని కరిగించి తీసేయొచ్చు. మన తర్వాత వచ్చేవాళ్లు మనకన్నా తెలిసినవాళ్లు అవుతారన్న మర్యాద ఆ జిగురులో ఉంది. నాకు చాలా నచ్చిన సంగతి ఇది.

చిరునామా అబద్ధమైతే ఏమవుతుందో మన దేశమే చూసింది. పంజాబ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడొకరు దాదాపు పాతికేళ్లు హిమాలయాల్లో దొరికాయంటూ వేరే దేశాల శిలాజాల మీద పత్రాలు అచ్చువేశారని 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త నేచర్ పత్రికలో బయటపెట్టారు. ఆ పత్రాలను నమ్మి రాసిన మిగతావాళ్ల పనికీ మచ్చ పడింది.

ఇక వెల సంగతి. చార్మినార్ చుట్టుపక్కల తస్బీలు, అంటే జపమాలలు, అమ్మే దుకాణాల్లో కహ్రుబా అడిగితే తేనెరంగు పూసలు చూపిస్తారు. అసలైన కహ్రుబా చెట్టు బంక శిలాజం. చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే తేలుతుంది, ప్లాస్టిక్ పూసలు చాలావరకు మునుగుతాయి. ఒక దుకాణంలో కూర్చున్నప్పుడు "బర్మా కా మాల్ హై, భాయ్" అని గర్వంగా ఒక ముక్క నా చేతిలో పెట్టారు. నేను కొనలేదు. బర్మా కహ్రుబా వచ్చేది కచిన్ రాష్ట్రం హుకాంగ్ లోయ నుంచి. దాదాపు పది కోట్ల ఏళ్ల నాటి పురుగులు, ఈకలు అందులో చెక్కుచెదరకుండా ఉంటాయి. 2017లో సైన్యం ఆ గనులను పట్టుకుంది. అక్కడి జనం ఊళ్లొదిలి పారిపోయారు. 2020లో అంతర్జాతీయ వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల సంఘం, సైన్యం గనులు పట్టుకున్న తర్వాత కొన్న ముక్కల మీద పరిశోధనలు అచ్చువేయవద్దని పత్రికలను కోరింది. జపమాలకు అలాంటి పూస తగదని నా అభిప్రాయం. అదే మాట ఆ దుకాణదారుతోనూ చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు.

అమ్మకం సులువుగా ఉండడానికి చట్టమూ ఒక కారణం. బ్రెజిల్‌లో శిలాజాలు ప్రభుత్వానివని 1942లోనే రాసుకున్నారు. మన గనుల శాఖ భూవారసత్వ స్థలాల బిల్లు ముసాయిదాను 2022 డిసెంబరులో ప్రకటించింది. అప్పటిదాకా శిలాజాల కోసమే రాసిన కేంద్ర చట్టమంటూ లేదు. చట్టం రావాలి, గట్టిగా కోరుకుంటున్నాను. అయితే అది ఊరివాళ్లను దొంగల్లా చూసేదిగా ఉండకూడదు. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో రైతులు పొలాల్లో దొరికిన డైనోసార్ గుడ్లను కాకడ్ భైరవుడని కొలిచారు. అవేమిటో 2023లో శాస్త్రవేత్తలు చెప్పారు. అంతకుముందు వాటిని కాపాడింది ఆ పూజే. అలాంటి ఊళ్లకు తిరిగి ఏదైనా దక్కాలి కూడా. యామనపల్లి పిల్లలు తమ ఊరి జంతువును చూడాలంటే హైదరాబాద్ రావాలి. దాని అచ్చు ఒకటి ఆ ఊరి బడిలో నిలబెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేం కాదు.

మీ ఇంటి అలమారలో ఎముకలానో, గవ్వలానో, చెట్టు మానులానో ఉన్న రాయి ఉంటే, అది ఎక్కడిదో తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయించండి. ఏ ఊరు, ఏ వాగు, ఎవరి చేను, ఏ సంవత్సరం. ఆ కాగితాన్ని రాయితో పాటే డబ్బాలో పెట్టండి. ఒక ఫోటో తీసి బండ్లగూడలోని జీఎస్ఐకి గానీ ఉస్మానియా జియాలజీ విభాగానికి గానీ చూపించండి.