ఇంట్లో లూసీ, ఆఫీసులో మేరీ

అమెరికన్ టీవీ హాస్యం గురించి రాసేవాళ్లు తరచు ఒక నిచ్చెన వేస్తుంటారు. కింది మెట్టు మీద లూసీ: మొగుడిచ్చిన డబ్బుకు లెక్క చెప్పలేక అబద్ధాలాడి, చివరికి దొరికిపోయే 1950ల ఇల్లాలు. పై మెట్టు మీద మేరీ: పెళ్లి తప్పిపోయినా కుంగిపోకుండా మినియాపోలిస్‌లో ఒంటరిగా ఇల్లు తీసుకుని, ఉద్యోగం చేసుకునే 1970ల యువతి. తెర మీద చూసినంతవరకు ఈ లెక్క సరిపోతుంది. తెర వెనక్కి వెళితే మాత్రం మెట్లు తారుమారవుతాయి.

1951 అక్టోబర్ 15న సీబీఎస్‌లో ‘ఐ లవ్ లూసీ’ మొదలయ్యేనాటికి లూసిల్ బాల్‌కి నలభై ఏళ్లు. హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు వేసినా, పెద్ద తారల వరసలోకి ఎక్కలేకపోయింది. రేడియోలో ‘మై ఫేవరెట్ హజ్బెండ్’కి పేరొచ్చాక, దాన్ని టీవీకి మారుద్దామని సీబీఎస్ అడిగింది. భర్త వేషానికి తన సొంత భర్తే కావాలని ఆమె పట్టుబట్టింది. డెజీ ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన బ్యాండ్ నాయకుడు, మాటలో స్పానిష్ యాస. ఇలాంటి జంటను జనం ఒప్పుకోరని చానల్ వెనకాడింది. దంపతులిద్దరూ 1950లో ఊళ్లు తిరిగి స్టేజీ మీద ప్రదర్శనలిచ్చి, జనం పగలబడి నవ్వుతారని చూపించారు. చానల్ ఆ తర్వాత షో న్యూయార్క్ నుంచి లైవ్‌గా రావాలంది. వీళ్లు హాలీవుడ్ వదిలి రామన్నారు. ఫిల్మ్ మీద తీస్తే ఖర్చు పెరుగుతుంది కాబట్టి తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్మ్ హక్కులను తమ కంపెనీ డెసీలూ పేర రాయించుకున్నారు. జర్మనీలో ‘మెట్రోపొలిస్’కి పనిచేసిన కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్, ఎదుట కూర్చున్న ప్రేక్షకుల మధ్యే మూడు కెమెరాలతో తీసే పద్ధతిని కుదిర్చాడు. పాత ఎపిసోడ్‌ని మళ్లీ వేసినా డబ్బులొస్తాయన్న సంగతి చానల్ వాళ్లకి ఇంకా తట్టని రోజులవి.

ఇక కథ చూడండి. లూసీ రికార్డోకి ఎలాగైనా సినీ రంగంలోకో, స్టేజీ మీదికో ఎక్కాలని తపన. భర్త రికీ వద్దంటాడు. ఆమె ఏదో పన్నాగం పన్నుతుంది, అది బెడిసికొడుతుంది, మళ్లీ ఇంటికొస్తుంది. 180 ఎపిసోడ్లలో ఎక్కువ భాగం ఇదే వరస. ఆ వేషం వేస్తున్న మనిషి కంపెనీయేమో, ఒకప్పుడు ఆమె జీతానికి పనిచేసిన ఆర్‌కేఓ స్టూడియోనే 1957లో కొనేసింది! మొదటి పదేళ్లూ వ్యాపారం నడిపిన తెలివి డెజీదేనని ఒప్పుకోవాలి. 1960లో విడాకులయ్యాయి. 1962లో ఆయన వాటా కొని పగ్గాలు తనే పట్టుకుంది. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాసిబుల్’ ఆమె అధ్యక్షురాలిగా ఉండగా వచ్చినవే. 1967లో కంపెనీని గల్ఫ్ అండ్ వెస్టర్న్‌కి కోటీ డెబ్బై లక్షల డాలర్లకి అమ్మింది.

మేరీ టైలర్ మూర్ దారి వేరు. డాన్సర్‌గా మొదలై, ‘డిక్ వాన్ డైక్ షో’లో (1961–66) భార్య లారాగా ఇల్లిల్లూ ఎరిగిన ముఖమైంది. ఆ షో తీసిందీ డెసీలూ స్టూడియోలోనే. 1970లో ఆమె పేరుతోనే కొత్త షో మొదలైంది. రాసిన జేమ్స్ ఎల్. బ్రూక్స్, అలన్ బర్న్స్ కథానాయిక విడాకులు తీసుకున్న మనిషి కావాలన్నారు. సీబీఎస్ బెదిరిపోయింది. ఆమె డిక్ వాన్ డైక్‌కే విడాకులిచ్చిందని జనం అనుకుంటారట! దాంతో విడాకుల చోట తప్పిపోయిన పెళ్లి వచ్చింది. ఇదే చానల్ అంతకు పద్దెనిమిదేళ్ల ముందు లూసీ కడుపుతో ఉన్న కథకి కూడా ఇలాగే వణికి, స్క్రిప్టులను మతగురువులకు చూపించి మరీ తీయనిచ్చింది. ఆ బిడ్డ పుట్టిన ఎపిసోడ్, 1953 జనవరి 19న, మర్నాటి ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం కంటే ఎక్కువమంది చూశారు. ధైర్యం చూపడంలో మాత్రం చానల్‌కి ఇరవై ఏళ్లలో పెద్దగా ఎదుగుదల లేదు.

ఆ షోలో కథానాయిక మేరీ రిచర్డ్స్ సెక్రటరీ ఉద్యోగానికెళితే అది నిండిపోయిందని, అంతకంటే వారానికి పది డాలర్లు తక్కువకి అసోసియేట్ ప్రొడ్యూసర్ పని ఇస్తారు. హోదా పెద్దది, జీతం చిన్నది. తర్వాత ఒక ఎపిసోడ్‌లో, తనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మగవాడికి వారానికి యాభై డాలర్లు ఎక్కువిచ్చారని తెలుస్తుంది. అడగడానికి వెళ్లి, గొంతు పెగలక తడబడుతుంది. తోటివాళ్లంతా ‘లూ’ అని పిలిచే బాస్‌ని ఆమె మాత్రం మిస్టర్ గ్రాంట్ అనే పిలుస్తుంది. ఇంత నిజాయితీగా ఆఫీసు జీవితాన్ని చూపిన షో తీసిన ఎంటీఎం సంస్థకి ఆమె పేరే ఉంది, ఎంజీఎం సింహాన్ని వెక్కిరిస్తూ ఒక పిల్లికూన ముద్ర కూడా ఉంది. దాన్ని నడిపింది మాత్రం భర్త గ్రాంట్ టింకర్. తెర మీద ఇల్లు దాటలేని స్త్రీని చూపిన నటి యజమానురాలైంది, సొంత కాళ్ల మీద నిలబడ్డ స్త్రీని చూపిన నటి పేరు బోర్డు మీద నిలిచింది. నిచ్చెన వేసేవాళ్లు ఈ లెక్క చూడరు.

నటనకొస్తే పోలిక ఇంకా బాగుంటుంది. రెండు దృశ్యాలు తీసుకుందాం. 1952లో లూసీ ఒక టానిక్ ప్రకటనకి రిహార్సల్ చేస్తుంది. ఆ టానిక్‌లో ఇరవై మూడు శాతం ఆల్కహాల్ ఉందని ఆమెకి తెలియదు. ప్రతిసారీ ఒక చెంచాడు మింగాలి, నవ్వాలి. మొదటి చెంచాకే ముఖం వికారంగా ముడుచుకుంటుంది, పెదవులేమో నవ్వాల్సిందే. నాలుక మడతపడటం, చెంచా గురి తప్పడం, సీసా ఎత్తేయడం అన్నీ మెట్టుమెట్టుగా వస్తాయి. తాగినట్టు నటించేవాళ్లు మొదటి నిమిషంలోనే తూలిపోతారు. బాల్ మాత్రం నిటారుగా ఉండాలనే చూస్తుంది. మన నవ్వంతా ఆ ప్రయత్నం మీదే. అప్పటికప్పుడు తోచింది చేసే నటి కాదామె. ప్రతి కదలికనూ ముందే కొలిచి పెట్టుకునేది.

రెండోది మేరీ షోలో 1975లో వచ్చిన ‘చకల్స్ బైట్స్ ద డస్ట్’ ఎపిసోడ్‌లోది, దాన్ని జోన్ డార్లింగ్ డైరెక్ట్ చేసింది. వేరుశనగ కాయ వేషంలో ఊరేగింపుకి వెళ్లిన విదూషకుడు చకల్స్, ఏనుగొకటి తనని నిజం వేరుశనగే అనుకుని ఒలిచేయబోవడంతో చనిపోతాడు. ఆఫీసంతా జోకులేస్తుంటే మేరీ కసురుకుంటుంది. అంత్యక్రియల్లో అందరూ గంభీరంగా కూర్చుంటారు. అప్పుడు మేరీకి నవ్వొస్తుంది. దగ్గులా మింగుతుంది, తల దించుకుంటుంది, పెదవులు బిగిస్తుంది. పాదిరీ గమనించి, నవ్వమ్మా, చకల్స్‌కి అదే ఇష్టం అనగానే భోరున ఏడుస్తుంది.

రెండింటిలోనూ అదుపు తప్పే ముఖమే హాస్యానికి మూలం. తేడా ఎక్కడంటే, లూసీ లోకాన్ని తన ఒంటితో కదుపుతుంది, మేరీ లోకం తనని కదిపేదాకా ఆగుతుంది. ఏడేళ్లూ మూర్ అసలు పని ఇతరులు పేలడానికి చోటివ్వడం. టెడ్ నైట్, వాలెరీ హార్పర్, బెట్టీ వైట్ అంతగా వెలిగారంటే మధ్యలో ఆమె నిశ్చలంగా నిలబడ్డందుకే. ఒకే దృశ్యంలో ఎవరు ఎక్కువ నవ్విస్తారంటే నా ఓటు బాల్‌కే. పూర్తి ఎపిసోడ్‌ని ఎవరు మోస్తారంటే మాత్రం తేల్చలేను. ‘ఐ లవ్ లూసీ’లో ఆమె తెర మీద లేని నిమిషాలు ఇప్పుడు చూస్తే నీరసంగానే ఉంటాయి.

ఈ తేడా తర్వాతి ఏళ్లలో బయటపడింది. 1986లో, డెబ్బై అయిదేళ్లకి, బాల్ ‘లైఫ్ విత్ లూసీ’తో తిరిగొచ్చి అవే పడటాలు, అవే అల్లర్లు చేసింది. ఎనిమిది ఎపిసోడ్లకే ఏబీసీ ఆపేసింది. ఒకప్పుడు నవ్వించిన ఒంటిని చూసి ప్రేక్షకుడికి ఇప్పుడు ఎక్కడ దెబ్బ తగులుతుందోనన్న భయమేసింది. మూర్ ఆయుధం ముఖంలో ఉంది కాబట్టి నలభై దాటాక కూడా పదునుగానే ఉంది. 1980లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ‘ఆర్డినరీ పీపుల్’లో ఆమె ఒక కొడుకుని పోగొట్టుకుని, మిగిలిన కొడుకుని దగ్గరికి తీసుకోలేని తల్లి బెత్. కుటుంబ ఫొటో దిగేటప్పుడు ఆ కొడుకు పక్కన నిలబడమంటారు. ఆమె ఆ ఫొటో తప్పించుకోవడానికి కెమెరా నాకివ్వండి, నాకివ్వండి అంటూనే ఉంటుంది. ముఖం మీద చిరునవ్వు చెదరదు. ఏడేళ్లపాటు అమెరికా ముచ్చటపడిన మేరీ రిచర్డ్స్ నవ్వే అది, ఒక్క కండరం కూడా మారలేదు. దానికి ఆమెకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది.