పాఠశాల రంగస్థలం: గొంతు ఎవరిది?

మన విమర్శకులు నవలను పరిశీలిస్తారు, కథానికను పరిశీలిస్తారు, పరిషత్తు నాటకాలమీద పుటలకు పుటలు రాస్తారు. కాని ఏటా సంక్రాంతి వెళ్ళిన తర్వాత, పరీక్షలు వచ్చేలోగా, ఊరూరా జరిగే పాఠశాల సాంస్కృతిక ప్రదర్శనల గురించి ఒక్క వాక్యమైనా రాయటం లేదు. అది పిల్లల సరదా అనీ, విమర్శకు అందేంత ఎత్తు దానికి లేదనీ మన అభిప్రాయం కాబోలు. ఇది పొరపాటు. పుస్తకం ముట్టని తల్లీ, నాటకం చూసే తీరికలేని తండ్రీ ఒకపూట కూలి మానుకొని వచ్చి, మూడుగంటలసేపు కదలకుండా కూర్చునే కళారంగం నేటి పల్లెలో దాదాపు అదొక్కటే. ప్రజల కళను గురించి మాట్లాడే మనం ఆ రంగాన్ని చూడకపోతే, మనం మాట్లాడే ప్రజలు ఎవరో తేల్చుకోవలసి వస్తుంది.

నేను ఈ విషయాన్ని తటస్థుడిగా ఉండి రాయటం లేదు. కిందటేడు ఫిబ్రవరిలో ఇలాంటి ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్ళి ఒక తప్పు చేశాను. అది నా ఒక్కడి తప్పే అయితే పత్రికకు ఎక్కించవలసిన పనిలేదు. మనలో చాలామంది వాడే కొలబద్దలోనే ఆ తప్పు ఉన్నదని నాకు తోచినందువల్ల రాస్తున్నాను.

అది పల్నాడులో ఒక మండల కేంద్రం. ఆరు పాఠశాలల విద్యార్థులు పోటీలో పాల్గొన్నారు. మా చేతికి ఇచ్చిన మార్కుల కాగితంలో నాలుగు గడులు ఉన్నాయి: ఆహార్యం, సమన్వయం, భావప్రకటన, ఆకర్షణ. గడికి 25 మార్కులు.

ఒక ప్రైవేటు పాఠశాలవారు రైతు జీవితంమీద నృత్యం చేశారు. ఇరవైనాలుగుమంది పిల్లలు, కొత్త పంచెలు, తలపాగలు, అట్టతో చేసిన నాగళ్ళు, వేదికమీద పొగలు కక్కే యంత్రం. పాట పెన్‌డ్రైవులోనుంచి వచ్చింది. డాన్సుమాస్టరు రెండునెలలు తర్ఫీదు ఇచ్చాడట. ఇరవైనాలుగు జతల కాళ్ళలో ఒక్క కాలు తప్పలేదు. చప్పట్లు మారుమోగాయి.

తర్వాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుతూ సంక్షేమ వసతిగృహంలో ఉంటున్న ముగ్గురు బాలికలు బుర్రకథ చెప్పారు. తంబుర వాళ్ళు చేసుకున్నదే. గుమ్మెటలు ఎవరో పాతకాలపు కళాకారుని ఇంటినుంచి అరువు తెచ్చినవి. కథ అల్లూరి సీతారామరాజుది. రాసినవారు వాళ్ళ తెలుగు ఉపాధ్యాయిని. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండజనంచేత కూలి ముట్టచెప్పకుండా రోడ్డుపని చేయించిన ఘట్టం దగ్గర, రాజకీయం చెప్పే వంతపిల్ల కథను ఆపి, మన వసతిగృహానికి తెల్లవారుజామున అరమైలు దూరంనుంచి నీళ్ళు మోసేది ఎవరని అడగాలి. ఉపాధ్యాయిని రాసింది అలాగ. కాని ప్రజాప్రతినిధి ముఖ్య అతిథిగా వస్తున్నాడు కనుక నిర్వాహకులు ముందుగానే ఆ రెండు మాటలూ కొట్టివేయించారు. ఉపాధ్యాయినికి ఒప్పుకోక గత్యంతరం లేకపోయింది.

ఆ ఘట్టం వచ్చింది. కథకురాలు ముందుకు పోబోయింది. వంతపిల్ల ఒక్క క్షణం ఊరుకొని, గుమ్మెటమీద గట్టిగా ఒక దెబ్బవేసి, కొట్టివేసిన ఆ ప్రశ్న అడిగేసింది. కథకురాలు తడబడింది. తాళం జారింది. హాస్యం చెప్పవలసిన పిల్ల నిజంగానే నవ్వింది. జనం నవ్వి, తర్వాత నిశ్శబ్దమై, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు.

నేను సమన్వయం గడిలో 25కు 12 వేశాను. రైతు నృత్యానికి 24 వేశాను. మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో చెప్పనక్కరలేదు. సభ ముగిసిన తర్వాత ఆ వంతపిల్ల నా దగ్గరకు వచ్చి, “సార్, మేం తప్పు పాడామా, తప్పు మాట అన్నామా?” అని అడిగింది. “తాళం తప్పిందమ్మా” అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

బుర్రకథ నిర్మాణం తెలిసినవారికి నా తప్పేమిటో వెంటనే తెలుస్తుంది. తంబుర మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, అడుగువేస్తూ కథ నడిపేవాడు కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు కేవలం తందానతాన పలికే పక్కవాయిద్యగాళ్ళు కారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథ ఏ కాలానిదైనా, ఏ రాజుదైనా, దాన్ని ఆపి, ఈ ఊరి సంగతి, ఈ రోజు సంగతి అందులోకి లాగటం వాళ్ళ పని. జంగాల దగ్గరనుంచి వచ్చిన పాతకథను 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి చేపట్టి ఇంతటి ఆయుధంగా మార్చగలిగిందంటే ఈ వెసులుబాటువల్లనే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్, పల్నాటి యుద్ధం చెప్పినా, బొబ్బిలి కథ చెప్పినా, వినేవాడికి తన ఊరి కథగా వినిపించింది ఇందువల్లనే. ఆనాటి మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించినవి తంబురకు భయపడి కాదు, వంతల ప్రశ్నకు భయపడి.

అంటే ఆ సాయంత్రం జారిన తాళం బుర్రకథలోని లోపం కాదు. బుర్రకథ పుట్టిందే ఆ క్షణం కోసం. అనుకోని మాట వచ్చినప్పుడు కథకురాలు దాన్ని అందుకొని కథలో కలుపుకోవటం అభ్యాసంవల్ల వచ్చే విద్య. ఆ పిల్లలకు ఆ విద్యలో అనుభవం చాలలేదు, నిజమే. కాని ఆ విద్య అవసరమయ్యే చోటికి వాళ్ళు వెళ్ళారు. ఇరవైనాలుగుమంది వెళ్ళలేదు, వెళ్ళటానికి వీలూ లేదు. రికార్డు పాట ఎవరి ప్రశ్నకూ ఆగదు. నేను ఆ యంత్రపు కచ్చితత్వాన్ని సమన్వయమని భ్రమించి, మనుషులమధ్య జరిగిన సమన్వయ ప్రయత్నానికి మార్కులు తగ్గించాను.

ఇక్కడ మన మిత్రులతో నాకు పేచీ ఉన్నది. “పాట మార్చండి చాలు. సినిమాపాట తీసేసి అభ్యుదయగీతం పెట్టండి” అంటారు వాళ్ళు. ఆ రోజు మొదటి బహుమతి పొందిన పాట రైతుమీదనే కదా! అందులో అప్పులున్నాయి, కన్నీళ్ళున్నాయి, తిరుగుబాటు నినాదంకూడా ఉన్నది. వస్తువుకు వంక పెట్టటానికి లేదు. కాని ఇరవైనాలుగు నోళ్ళు మూతపడి ఉన్నాయి. ఆ పిల్లల్లో రైతుబిడ్డ ఉంటే, తన తండ్రి అప్పు ఎంతో అతనికి తెలిసి ఉంటే, అది చెప్పటానికి ఆ పాటలో సందు లేదు. వస్తువు అభ్యుదయకరమై, దాన్ని మోసే మనిషి మూగవాడైనప్పుడు ఆ ప్రదర్శన ఎవరిని మేల్కొలుపుతుంది? వస్తువు, రూపం అని రెండే మాటలతో చాలాకాలం వాదించుకున్నాం. గొంతు ఎవరిది అనే మూడవ ప్రశ్నకూడా వేసుకోవాలి.

ఇది జానపద కళలకే పరిమితమైన ప్రశ్న కాదు. కూచిపూడి మేళాల్లో సత్యభామ వేషధారి తన ప్రవేశదరువు తానే పాడుతూ ఆడేవాడు, మాధవితో వాదులాడేవాడు. ఆంగికంతోపాటు వాచికంకూడా నటుడిదే. నేటి పాఠశాల వేదికమీద కూచిపూడి అంటే నగలు, పూలజడ, రికార్డు. ప్రజల కళనుంచీ, పండితుల కళనుంచీ కూడా స్పీకరుపెట్టె తీసుకున్నది ఒక్కదాన్నే: ఆడేవాడి మాటను.

అలాగని ఈ ప్రదర్శనలన్నీ క్షీణసంస్కృతి అని కొట్టిపారెయ్యటం నాకు సమ్మతం కాదు. శతాబ్దాలపాటు కూచిపూడిలో స్త్రీపాత్రలుకూడా పురుషులే ధరించారు. దేవదాసీ సమర్పణను నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టం తర్వాత కళావంతుల కుటుంబాల స్త్రీలు రంగానికి దూరమైనారు. ఆడటం కొందరికి నిషిద్ధమూ, కొందరికి నిందా అయిన దేశంలో, ఇవాళ కూలివాడి కూతురు పదిమంది ముందు గజ్జె కట్టి ఆడుతుంటే, తల్లి సెల్‌ఫోను ఎత్తి ఫోటో తీసుకుంటున్నది. ఆ తల్లి సంతోషాన్ని చిన్నచూపు చూసే విమర్శ ఏ పేరు పెట్టుకున్నా అభ్యుదయ విమర్శ కాదు. ఆ పిల్లను వేదిక ఎక్కించిన సమాజం ఆమె నోరుకూడా తెరవనివ్వాలన్నదే నా వాదం.

వేదిక అందరికీ అందిందా అంటే అదీ లేదు. రైతు నృత్యం పాటలో డప్పు అద్భుతంగా మోగింది, రికార్డులో. అసలు డప్పులు నాలుగు గేటు బయట వేపచెట్టు కింద ఉన్నాయి. ముఖ్య అతిథిని వేదికదాకా ఊరేగించటానికి పిలిపించినవి అవి. గడ్డిమంట వేసి చర్మాన్ని కాచుకొని, ఒకచేత సిర్ర, మరొకచేత సిటికెనపుల్ల పట్టి, వాళ్ళు వాయించిన పది నిమిషాల్లో ఎన్ని దరువులు మారాయో మార్కులు వేసేవాళ్ళం ఒక్కరమూ లెక్కపెట్టలేదు. అతిథి వేదిక ఎక్కగానే వాళ్ళ పని అయిపోయింది. వాళ్ళలో ఒకతని కొడుకు ఆ ప్రభుత్వ పాఠశాల విద్యార్థే. జనంలో కూర్చుని, రికార్డు డప్పుకు మోకాలిమీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. నీవుకూడా వాయిస్తావా అని ఆ పిల్లవాణ్ణి బడిలో ఎవరూ అడగలేదట. డప్పు శబ్దం వేదికకు పనికివచ్చింది, డప్పు పట్టిన కులం గేటు దగ్గరనే ఆగింది. జానపద కళల పరిరక్షణ అని మనం గొప్పగా చెప్పుకునేది ఇలాగే ఉంటే, ఆ పరిరక్షణ కళకే గాని కళాకారుడికి కాదు.

దీనికి కారణం నిర్వాహకుల దుర్బుద్ధి అని తేల్చటం తేలిక. కాని వెనుక ఆర్థిక కారణాలున్నాయి. ప్రైవేటు పాఠశాలకు వార్షికోత్సవం వచ్చే ఏటి ప్రవేశాలకు ప్రకటన. అందుకు పొగయంత్రం కావాలి, తప్పని కాళ్ళు కావాలి. ఇక ప్రభుత్వ పాఠశాల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం, ఆరునుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. పదవ తరగతిదాకా కళను తప్పనిసరి పాఠ్యాంశం చెయ్యాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. ఆ రోజు వచ్చిన ప్రభుత్వ పాఠశాలల్లో ఒక్కదానిలోనూ అటువంటి బోధకుడు లేడు. తెలుగు చెప్పే ఉపాధ్యాయిని సాయంత్రం బడి విడిచిన తర్వాత కథ రాసి, తాళం నేర్పి, చివరకు తన వాక్యాలు తానే కొట్టివేసుకోవలసి వచ్చింది. ఏటా ఒకరోజు పండుగ చేసి, ఏడాది పొడుగునా చదువు లేకపోతే ఆ ఖాళీని పెన్‌డ్రైవు నింపటంలో వింతేమున్నది?

కనుక మనం చెయ్యగల పనులు ఉన్నాయి. కళాబోధకులను నియమించమని ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ చట్టాన్ని చూపించి అడగాలి. గేటు దగ్గరి డప్పును పిలిచి పిల్లలకు గురువుగా కూర్చోబెట్టాలి. ఆ గురువుకు డాన్సుమాస్టరుకు ఇచ్చినట్లే డబ్బు ఇవ్వాలి. మనలాంటివాళ్ళను న్యాయనిర్ణేతలుగా పిలిచినప్పుడు, మార్కుల కాగితంలో పిల్లలు తాము పాడినదానికి, తాము కట్టినదానికి ఒక గడి కావాలని ముందుగానే అడగాలి. లేదంటే ఆ కుర్చీలో కూర్చోకూడదు. పిల్లలు రాసుకున్న మాటలను అతిథికోసం కొట్టివేస్తే, ఆ కొట్టివేతను సభలోనే ప్రశ్నించాలి. ఆ రోజు సభలో నోరున్న పెద్దలం పదిమందిమి ఉన్నాం. ప్రశ్నించినది తొమ్మిదవ తరగతి పిల్ల.

ఆమెకు నేను ఇవ్వవలసిన సమాధానం ఇవ్వలేదు. ఆలస్యంగానైనా ఇక్కడ ఇస్తున్నాను. తాళం తప్పిందమ్మా, అది అభ్యాసంతో కుదురుతుంది. మాట తప్పలేదు. తప్పు మార్కులు వేసింది నేను.