తెలుపు కాగితానిదే

నీటిరంగుల చిత్రంలో వెలుగు కాగితానిది. తైలవర్ణాలు వేసేవారు ముదురు రంగు మీద తెలుపు పెట్టి మెరుపు తేగలరు. నీటిరంగు పొర పల్చన. వెలుతురు దాన్ని దాటి వెళ్లి, అడుగున ఉన్న తెల్లకాగితానికి తగిలి మన కంటికి తిరిగొస్తుంది. అందుకే గోదావరి మీద ఎండ తళుకు కావాలంటే ఆ చోటు ముందే వదిలిపెట్టి, చుట్టూ రంగు వేసుకురావాలి. కుంచె తడపకముందే ఎక్కడ వేయకూడదో తేల్చుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం.

రెండో పాఠం తడి. కాగితం మీద నీళ్లు తళతళలాడుతున్నప్పుడు అద్దిన రంగు తనంతట తానే పరుచుకుంటుంది. మబ్బులకూ దూరపు కొండలకూ అదే కావాలి. తళుకు తగ్గి కాగితం మసకబారాక అద్దితే అంచులు మెత్తగా ఉంటూనే ఆకారం నిలుస్తుంది. సరిగ్గా ఆ దశలో నీళ్లు ఎక్కువైన కుంచె తగిలితే, కొత్త నీళ్లు పాత రంగును పక్కకు నెట్టి అంచులు చిట్లిన మరక కడతాయి. పూర్తిగా ఆరాక వేస్తే గీత పదునుగా తెగుతుంది. మే నెల ఎండలో చూస్తుండగానే ఆరిపోయే కాగితం శ్రావణమాసపు ముసురులో ఎంతకీ ఆరదు. కాబట్టి గడియారాన్ని నమ్ముకుని లాభం లేదు. కాగితాన్ని వెలుతురుకు వాలుగా పట్టి తళుకు చూడాలి, చేతి వెనకవైపు ఆనించి చల్లదనం చూడాలి.

ఈ తడినే ఆధారం చేసుకుని బెంగాల్‌లో ఒక సంప్రదాయం పుట్టింది. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. తడి కుంచెతో బొమ్మను పదేపదే తడిపే వారి పనితనం చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఒక అడుగు ముందుకు వేశారు. రంగు ఆరాక బొమ్మ మొత్తాన్నీ నీళ్లలో ముంచి, తీసి, మళ్లీ రంగు వేయడం ఆయన 'వాష్' పద్ధతి. ముంచినప్పుడల్లా పైపైన ఉన్న రంగు పోతుంది, కాగితంలో ఇంకింది మిగులుతుంది. అలా పొర మీద పొర చేరి, గీతల కరుకుదనం తగ్గి, బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టు మృదువవుతుంది. 1905 నాటి 'భారతమాత' నీటిరంగుల చిత్రమే.

బెంగాల్ చిత్రకళకూ తెలుగునాడుకూ బందరులో వారధి పడింది. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యులే. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేయూతతో ఎదిగిన దామెర్ల రామారావు నీటిరంగుల్లోనూ, తైలవర్ణాల్లోనూ పనిచేసి 1925లో, 28వ ఏటనే కన్నుమూశారు. అక్కడ ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి, అసలు చిత్రాలకు దగ్గరగా నిలబడి చూడండి. రంగు ఎక్కడ ఆపారో, ఏ పొర ముందో ఏది వెనకో అచ్చుబొమ్మలో ఇంత స్పష్టంగా తెలియదు.

సరదాగా మొదలుపెట్టేవారు డబ్బు ముందు కాగితం మీద పెట్టాలి. పల్చని డ్రాయింగ్ షీటు తడికి ఉబ్బి వంకర్లు తిరుగుతుంది, నీళ్లు గుంటల్లో నిలుస్తాయి. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే (300 జీఎస్ఎం) కాటన్ కాగితం తడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది, దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. పెద్ద పెట్టెడు రంగులు అక్కర్లేదు. అల్ట్రామెరైన్ నీలం, బర్ంట్ సియెన్నా కలిపితే చక్కని బూడిదరంగులు వస్తాయి. ఒక పసుపు, ఒక ఎరుపు తోడైతే చాలాకాలం గడుస్తుంది. మొదట ఒకే రంగుతో ఇంట్లోని ఇత్తడి చెంబును వేయండి. వెలుగు, నడిమి నీడ, చిక్కని నీడ విడివిడిగా పట్టుకోండి. ఆరాక రంగు తేలిపోతుంది కనుక కంటికి కాస్త ముదురు అనిపించేలా వేయాలి. అదే చెంబును మళ్లీ మళ్లీ వేసి, తేదీ రాసి దాచితే ఎదుగుదల మీకే కనిపిస్తుంది.

ఈ అభ్యాసం బొమ్మతో ఆగిపోదు, చూపును మారుస్తుంది. గోడ మీది నీడలో నీలం ఉందని, చింతచెట్టు ఆకుపచ్చ ఉదయానికీ సాయంత్రానికీ ఒకటి కాదని కన్ను గమనించడం మొదలుపెడుతుంది. ఈ విద్యకు కాగితం, కుంచె, రెండు గ్లాసుల నీళ్లు, రోజుకు ఒక అరగంట చాలు. పిల్లలకు పరీక్షల చదువుతోపాటు, పెద్దలకు ఉద్యోగంతోపాటు ఆ అరగంటను కేటాయించుకునే హక్కు ఉంది.