ఉష్ణదేశాల ఇళ్లు - రెండు గ్రంథాలు

సాహిత్యం చెప్పుకునేవాడికి ఇళ్ల కట్టుబడి పుస్తకాలతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని గురించి, ఎవరితో అన్న ప్రశ్నలు నవలను అడగదగినవైతే ఇంటిని గురించిన గ్రంథాన్నీ అడగవచ్చునని నా అభిప్రాయం.

వెనుకబడిన దేశాలు ఎండకూ వానకూ తగిన ఇళ్లు కట్టుకోవడం ఒకరి నుండి ఒకరు నేర్చుకోవాలన్నది మంచిమాటే. ఆ నేర్పు ఏ దారిన నడిచిందన్నది అసలు విషయం. ఆటో కోనిగ్స్‌బర్గర్ బెర్లినులో పుట్టి, నాజీల మూలాన దేశం విడిచి, 1939లో మైసూరు సంస్థానపు ప్రధాన వాస్తుశిల్పి అయ్యారు. 1948లో భువనేశ్వరానికి ప్రణాళిక గీశారు. తర్వాత లండను చేరారు. అక్కడ 1953లో ఉష్ణదేశాల వాస్తును గురించి ఒక మహాసభ జరిగింది. దానికి పట్టుబట్టింది అడెడోకున్ అడెయెమి అనే నైజీరియా విద్యార్థి. ఇంగ్లండులో చెప్పిన చదువు తన దేశపు ఎండకు పనికిరాదని ఆయన వాదం. మరుసటి ఏడే ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ పాఠశాలలో ఇందుకొక శాఖ వెలిసింది. కొన్నేళ్లకు దానికి కోనిగ్స్‌బర్గరే అధిపతి. ఢాకా నుండి మజహరుల్ ఇస్లాం అక్కడికే వెళ్లి చదివారు. మైసూరు అనుభవం ఢాకాకు చేరాలంటే లండను మీదుగా పోవలసి వచ్చిందన్నమాట!

ఆ శాఖ చదువుల సారమే కోనిగ్స్‌బర్గర్ మరి ముగ్గురితో కలిసి 1974లో వెలువరించిన ‘మాన్యువల్ ఆఫ్ ట్రాపికల్ హౌసింగ్ అండ్ బిల్డింగ్’. దీనిని తక్కువ చేయడం న్యాయం కాదు. ఇందులో మహనీ పట్టికలున్నాయి. నెలవారీ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, వర్షపాతం, గాలి దిక్కు వాటిలో నింపితే ఇల్లు ఏ ముఖంగా ఉండాలో, కిటికీలు ఎంతెంత ఉండాలో, గోడ దళసరిదో పలచనిదో తేలుతుంది. వాతావరణ కేంద్రం అంకెలు చేతిలో ఉన్న ఓవర్సీరు విదేశీ నిపుణుని కోసం కాచుకోనక్కరలేదు. అయితే ఈ గ్రంథంలో మనిషి ప్రధానంగా చెమట పట్టే దేహంగానే కనిపిస్తాడు. అతనికి ఉక్కపోత ఉంది. అద్దె లేదు, అప్పు లేదు. ఇక ఇల్లు కట్టే కూలివాని గొంతు నాకెక్కడా వినిపించలేదు.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫాతీ గ్రంథం తీరు వేరు. 1969లో కైరోలోనూ, 1973లో ‘ఆర్కిటెక్చర్ ఫర్ ది పూర్’ పేరుతో అమెరికాలోనూ అచ్చయింది. లక్సర్‌కు ఎదుట, నైలు పడమటి ఒడ్డున 1945లో మొదలైన కొత్త గుర్నా గ్రామ నిర్మాణమే కథ. కొయ్య కొనలేని రైతుకు కప్పు ఎలా? ఫాతీకి జవాబు చెప్పింది అస్వాన్ ప్రాంతపు నూబియా మేస్త్రీలు. వెనుక గోడ లేపి, గడ్డి ఎక్కువ కలిపిన తేలిక పచ్చి ఇటుకలను దానికి ఏటవాలుగా ఆనించి, వరుస మీద వరుస ఒరిగిస్తూ సెంట్రింగు లేకుండా కమాను కప్పు పోస్తారు. ఆ పని జరుగుతున్న పుటలు చదువుతుంటే చేతులకు మట్టి అంటినట్లుంటుంది. ఫాతీకి వారు గురువులు. గ్రంథానికి వచ్చిన బలం అంతా ఇక్కడిది.

దోషమూ ఉంది. పురాతన సమాధుల మీద కాపురముండి, వాటి నుండే బతుకు వెళ్లదీసే గుర్నావాసులు కొత్త ఊరికి రామన్నారు. అధికారుల అడ్డంకులను వర్ణించినంత ఓపికగా ఫాతీ ఆ నిరాకరణను పరిశీలించలేదు. జీవనాధారం వదిలి చల్లని ఇంట్లోకి ఎవరు వస్తారు?

అయినా ఆ కమాను ప్రయాణం ఆగలేదు. పుదుచ్చేరి చేరువలోని ఆరోవిల్‌లో దానిని నేర్పుతున్నారు. అడవి తరిగిపోయి, రేకు కప్పు కింద మనుషులు ఉడికిపోతున్న బుర్కినా ఫాసోలో 2000లో సేరీ యూలూ అనే రైతూ, తోమా గ్రానియే అనే ఫ్రెంచి మేస్త్రీ కలిసి దీనికోసం ఒక సంఘం పెట్టారు. (మధ్యలో ఫ్రెంచివాడు ఉండనే ఉన్నాడని మిత్రులు ఎత్తిపొడవవచ్చు, ఒప్పుకుంటాను.) అక్కడ పని నేర్చినవాడు మరొకడికి పని స్థలంలోనే నేర్పుతాడు. ఇంగ్లీషు అవసరం పడదు.

లండను గ్రంథపు భారతీయ ముద్రణ వెలువడింది మన హైదరాబాదు నుండే, ఇంగ్లీషులో. తెలుగు చదివే తాపీ మేస్త్రీకి అది హైదరాబాదులో అచ్చయినా లండనులో అచ్చయినా ఒకటే. మన సంఘంలో ఇంజనీర్లున్నారు. మహనీ పట్టికలను తెలుగులో పెట్టి, విశాఖపట్నం అంకెలు ఒక పక్క, రెంటచింతల అంకెలు ఒక పక్క వేసి, నలభై పుటల చిన్న పుస్తకం తెస్తే అచ్చుప్రతులు దిద్దిపెట్టే పని నేను చేస్తాను.