కథానాయకుడి యజమాని

ఆడిన సినిమా కథను నవలగా రాసి అమ్మడం తెలుగు పాఠకునికి కొత్త సంగతి కాదు. ఒకనాటి ‘వెండితెర నవల’ అదే. ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయిత కూడా ఆ పనికి చేయి వేశాడు. వెండితెర నవలను గొప్ప సాహిత్యమని ఎవరూ అనలేదు గాని, దానిలో ఒక నిజాయితీ ఉండేది. తెరమీది కథనే చెప్పి, ఆ కథతోనే ముగిసేది. ఇప్పుడు నేను పరిశీలించదలచినవి వేరే జాతి నవలలు. ఇవి సినిమా హీరోను తీసుకొని, సినిమాలో లేని సాహసాలను అతనిచేత చేయిస్తాయి. అమెరికాలో వెలువడిన ఇండియానా జోన్స్ నవలలు ఈ కోవలో పేరుపడ్డవి.

ఈ పురావస్తు శాస్త్రజ్ఞుడి మొదటి సినిమా 1981లో, మూడవది 1989లో వచ్చాయి. నాలుగవదానికి ప్రేక్షకులు 2008 దాకా ఆగవలసి వచ్చింది. ఈ నడుమ 1991 నుంచి 1999 వరకు బాంటమ్ సంస్థ పన్నెండు నవలలు ప్రచురించింది. రాబ్ మెక్‌గ్రెగర్ ఆరు, మార్టిన్ కైడిన్ రెండు, మాక్స్ మెకాయ్ నాలుగు రాశారు. బొమ్మ ఆడని కాలంలో హీరో పేరు బజారులో చల్లారిపోకుండా చూడడం వీటివల్ల జరిగిన పని.

కాలక్షేపం పుస్తకాలమీద విమర్శ దేనికని మిత్రులు అడగవచ్చు. చదువుకునే కుర్రవాళ్ళలో చాలామందికి ప్రాచీన చరిత్రను గురించిన తొలి ఊహలు పాఠ్యగ్రంథాలనుంచి కాక ఇటువంటి చోట్లనుంచే ఏర్పడతాయి. విమర్శకు ఆ కారణం చాలు.

ఈ నవలల మీద హక్కు రచయితలది కాదు, లూకాస్ ఫిల్మ్ సంస్థది. ఇది పుస్తకం అట్టవెనుక చిన్న అక్షరాల్లో ఉండే వ్యాపార విషయంగా కనిపిస్తుంది. కాని కథాశిల్పాన్ని శాసించేది అదే. మెక్‌గ్రెగర్ నవలల్లో హీరో 1920లలో పారిస్‌లో చదువుకుంటున్న యువకుడు. తరువాత లండన్‌లో పాఠాలు చెబుతాడు. అక్కడ డీర్‌డ్రె కాంప్‌బెల్ అనే యువతి పరిచయమవుతుంది. ఆమె ఏ సినిమాలోనూ లేదు, పూర్తిగా రచయిత కల్పించిన మనిషి. హీరో ఆమెను పెళ్లాడతాడు. ఇద్దరూ, 1925లో బ్రెజిల్ అడవుల్లో మాయమైన కర్నల్ ఫాసెట్ జాడ వెతుకుతూ బయలుదేరతారు. ఇక్కడ మొదటిసారి మనకు మనుషుల కథ చదువుతున్నామనిపిస్తుంది. అప్పుడామె విమాన ప్రమాదంలో చనిపోతుంది.

ఆ చావుకు కారణం అడవిలో లేదు, కథలోనూ లేదు. 1981 నాటి సినిమా కథ జరిగేది 1936లో. ఆ సినిమాలో ఈ హీరోకు భార్య లేదు. ఆమెను తలచుకోవడం కూడా లేదు. కనుక 1936 నాటికి లెక్క సరిపోవాలి. గుమాస్తా జమాఖర్చు సరిచూసినట్టు రచయిత డీర్‌డ్రెను కొట్టివేశాడు. నవల అన్నది మనిషి మారడాన్ని చూపే ప్రక్రియ. పెళ్లాడినా, భార్యను పోగొట్టుకున్నా, ప్రపంచమంతా తిరిగినా మారడానికి వీలులేని మనిషిమీద నవల ఎలా రాయడం? ఈ హీరో పన్నెండు పుస్తకాలు నడిచీ, నిర్మాత నిలబెట్టిన చోటికే, అదే టోపీతో, అదే కొరడాతో చేరుకోవాలి.

మెక్‌గ్రెగర్ చేతగానివాడని దీని అర్థం కాదు. తన సొంత పాత్రతో రాసిన ‘ప్రొఫెసీ రాక్’ నవలకు ఆయనకు 1996లో ఎడ్గార్ బహుమానం వచ్చింది. అదే చేయి, అదే కలం. తేడా ఎక్కడుందో వేరే చెప్పనక్కరలేదు. 2012లో డిస్నీ సంస్థ లూకాస్ ఫిల్మ్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆ సరుకులో హీరో కూడా చేతులు మారాడు.

హీరో ఎలా మారడో, అతను తవ్వే చరిత్ర కూడా అలాగే కదలదు. అరారత్ కొండమీద నోవహు ఓడ, పరుసవేది, కొమ్ముగుర్రం కొమ్ము: ఇవే అతని పురావస్తువులు. కుండపెంకునుంచి కాలాన్ని లెక్కగట్టే శాస్త్రం ఇక్కడ అలంకారం, మహిమే రుజువు. వస్తువు దొరికితే మ్యూజియంలో ఉండాలంటాడు. దొంగకంటే మ్యూజియం నయమే. ఎవరి మ్యూజియం అన్న ప్రశ్న మాత్రం ఈ కథల నిర్మాణంలో ఇమడదు.

చరిత్రలో ఆ ప్రశ్న ఇమడకపోవడం కాదు, రగిలింది. మెకాయ్ తన డైనోసార్ గుడ్ల నవలను 1933లో, గోబీ ఎడారి నేపథ్యంలో నడిపాడు. నిజంగా 1923లో ఆ గుడ్లు తవ్వినది న్యూయార్క్ మ్యూజియం మనిషి రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్. యాత్రకు విరాళాలు రాబట్టడానికి వాటిలో ఒకదాన్ని 5000 డాలర్లకు వేలంలో అమ్మారు. తమ నేలలో దొరికినదానికి అంత ధర ఉందని తెలిశాక మంగోలులకు, చీనీయులకు ఆ యాత్రలమీద అనుమానం పుట్టడంలో వింతేముంది? సాహస నవలకు ఇంతకన్న మంచి వస్తువు ఏం కావాలి! కాని అది రాస్తే హీరో వేలంపాటలో ఏ పక్షాన నిలుచున్నాడో చెప్పవలసి వస్తుంది.

1984 నాటి సినిమాలో అతను పవిత్రశిలను మన దేశపు పల్లెకు తిరిగి ఇచ్చాడు కదా అని ఎవరైనా గుర్తుచేయవచ్చు. ఇచ్చాడు. ఆ ఊరి పిల్లలను గనుల చెరనుంచి విడిపించింది కూడా అతనే. చివర తుపాకులతో వచ్చి ఆదుకున్నది బ్రిటిష్ సైన్యం. 1935 నాటి కథ అది. సత్యాగ్రహాలు చూసిన దేశంలో, ఆ ఊరి పెద్దలకు మిగిలిన పని పరదేశి కోసం ఎదురుచూడడం! స్క్రిప్టు చూసిన భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో ఆ సినిమాను శ్రీలంకలో తీశారు.

ఈ విషయంలో తెలుగు పాఠకుడు ఎవరి సాక్ష్యం కోసమూ వెతకనక్కరలేదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి స్తూపాన్ని చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాల్లో కొన్ని మద్రాసు చేరాయి, నూరుకు పైగా లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మా విద్యార్థి వాటిని చూడాలంటే వీసా కావాలి. కృష్ణ ఒడ్డున, స్తూపం ఉన్నచోట ఇప్పుడు కనిపించేది పునాది దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు.