పిల్లర్ల వరసలో చిరునామాలు

హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో ఇల్లు ఎక్కడంటే ముందు చెప్పేది పిల్లర్ నంబరే. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేను మోసే ఆ స్తంభాలే ఇక్కడ కొండగుర్తులు. వాట్సాప్‌లో వచ్చిపడ్డ వందల చిరునామాల్లో మాత్రం ఆ అంకె ఒకచోట మొదట్లో, మరోచోట చివర్లో ఉంటుంది. పంపకానికి వెళ్లేవారి కోసం వాటిని వరసలో పెట్టడం ఒక్కసారితో తీరిపోయే పని. దానికోసం ఎవరూ యాప్ తయారుచేయరు.

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ సత్తా తెలిసేది ఇక్కడే!

ఎఫ్3 నొక్కాలి. ‘పిల్లర్’ అన్న మాటను వెతికి, దాని పక్క అంకెను కత్తిరించి, పంక్తి మొదట అతికించి, ఒక ఖాళీ వదిలి, కింది పంక్తి మొదటికి దిగి ఎఫ్4 నొక్కాలి. ఆ కదలికలన్నీ ఒక మాక్రోగా ఎడిటర్‌కు గుర్తుండిపోతాయి. కంట్రోల్-యు, సున్నా, ఎఫ్4 నొక్కితే మిగతా పంక్తులన్నీ తానే దిద్దుకుంటూ పోయి, వెతికే మాట ఇక దొరకనప్పుడు ఆగుతుంది. ఎంత ముచ్చటైన పనితనం!

ఇక వరసలో పెట్టేటప్పుడు, మామూలు అక్షరక్రమంలో 98 కన్నా ముందే 105 వచ్చేస్తుంది. ‘సార్ట్-న్యూమరిక్-ఫీల్డ్స్’ ఆదేశం అంకెను అంకెగానే చూస్తుంది. జాబితా చేతికందిన మనిషి మెహదీపట్నం వైపు మొదలుపెట్టి, వెనక్కి తిరగకుండా ఆరాంఘర్ దాకా పంచుకుంటూ వెళ్లొచ్చు. మాక్రో మళ్లీ కావాలనుకుంటే పేరు పెట్టి, లిస్ప్ కోడ్‌గా దాచుకోవచ్చు.