సివిల్స్ పుస్తకాల్లో మన గూడెం

2019 సివిల్స్ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రంలో కొండరెడ్ల పేరు వచ్చింది. పీవీటీజీల మీద నాలుగు వాక్యాలిచ్చి, ఏవి సరైనవో గుర్తించమన్నారు. ఈ తెగలు పద్దెనిమిది రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నాయన్నది మొదటి వాక్యం. జనాభా పెరగకపోవడం, తగ్గిపోవడం ఒక కొలమానమన్నది రెండోది. ఇలాంటి తెగలు 95 అన్నది మూడోది. ఇరులర్లు, కొండరెడ్లు ఈ జాబితాలో ఉన్నారన్నది నాలుగోది. మూడోది తప్పు, తెగలు 75. మిగతా మూడూ ఒప్పు. ఆ రోజు పరీక్ష రాసిన లక్షలమందిలో చాలామందికి కొండరెడ్ల గురించి తెలియవలసి వచ్చింది ఆ ఒక్క ముక్కే: జాబితాలో ఉన్నారు.

మన సభల్లో ఒక మాట తరచుగా వింటుంటాం. సివిల్స్ సిలబస్‌లో ఆదివాసీకి చోటు లేదని. మేం కూర్చుని పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే కనిపించింది వేరు. దాదాపు ప్రతి పేపర్లోనూ మనం ఉన్నాం. ఎలా ఉన్నామన్నదే మాట్లాడుకోవాలి.

కొండరెడ్ల దగ్గరే కాసేపు ఆగుదాం. ఆ జాబితాలోకి ఒక తెగను చేర్చడానికి ప్రభుత్వం పెట్టుకున్న కొలమానాల్లో ఒకటి 'వ్యవసాయానికి ముందుదశ సాంకేతికత'. సివిల్స్ అభ్యర్థులు మొట్టమొదట చేతపట్టే పుస్తకాలు ఎన్‌సీఈఆర్టీవి. పదో తరగతి భూగోళ పాఠంలో పోడును 'ఆదిమ జీవనాధార వ్యవసాయం' కింద పెట్టారు. ఈశాన్యంలో ఝూమ్, ఆంధ్రలో పోడు లేదా పెండ, పడమటి కనుమల్లో కుమారి అంటూ పేర్ల వరస ఇచ్చారు. జతపరచండి అని అడగడానికి వీలుగా ఉంటుంది. పాపికొండల్లో పోడు కొట్టే మనిషి ఈ పేజీలో ఆదిమ వ్యవసాయదారు, ఆ పేజీలో వ్యవసాయమే రానివాడు. రెండు పేజీలకూ మార్కులు వస్తాయి కాబట్టి ఈ తేడా ఎక్కడిదని ఎవరూ అడగరు. ఏ వాలున జొన్న వెయ్యాలి, ఎక్కడ సామ చల్లాలి, కందితో దేన్ని కలపాలి, నేలను ఎన్నేళ్లు వదిలెయ్యాలి అన్నది ఈ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అదే కొండరెడ్ల, కోయల ఊళ్లను ముంచే పోలవరం మాత్రం ఇంకో పుస్తకంలో ఉంటుంది, 2014 పునర్విభజన చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది ఏది అన్న బిట్టుగా.

పరీక్ష తీరు తెలియని తమ్ముళ్ల కోసం రెండు మాటలు. ప్రిలిమ్స్ వడపోత మాత్రమే. అసలు లెక్క మెయిన్స్‌ది: వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు, ఆప్షనల్ రెండు పేపర్లు కలిసి 1750 మార్కులు. ఇంటర్వ్యూ 275. ఇవికాక రెండు భాషా పేపర్లు గట్టెక్కితే చాలు. ఎస్టీ అభ్యర్థికి వయసు 37 దాటేవరకు ఎన్నిసార్లయినా రాసుకునే వీలుంది. ఈ వీలు చాలామంది మన పిల్లలకు తెలియదు. ఆశ్రమ పాఠశాల గోడ మీద పెద్దక్షరాలతో రాయవలసిన మాట ఇది.

ఇక మన పేర్లు ఏ పేపర్లో ఏ శీర్షిక కింద వస్తాయో చూడండి. రెండో పేపర్లో 'బలహీన వర్గాల సంక్షేమం' దగ్గర ఉంటాం. మూడో పేపర్లో అడవి, పర్యావరణం దగ్గర కొంచెం కనిపించి, 'అంతర్గత భద్రత' దగ్గర మళ్లీ వస్తాం. అభివృద్ధికీ తీవ్రవాద వ్యాప్తికీ ఉన్న సంబంధం అని సిలబస్‌లోనే ఒక అంశం ఉంది. నాలుగోది నైతికత పేపరు. అందులో ఇచ్చే ఉదంతాల్లో అభ్యర్థిని చాలాసార్లు అధికారి కుర్చీలోనే కూర్చోబెడతారు. 'మీరు ఈ జిల్లా కలెక్టరు, ఏం చేస్తారు' అన్న తరహా అది. అర్జీ పట్టుకుని బయట నిలబడ్డవాళ్లు ఆ ఉదంతంలో ఒక ఇబ్బందిగా ఉంటారు.

2013 మూడో పేపర్లో ఒక ప్రశ్న అడిగారు. ఐదో షెడ్యూలు అమలుకాకపోవడం వామపక్ష తీవ్రవాదం పెరగడానికి ఎంతవరకు కారణమో విశ్లేషించమని. నిజాయితీగా చెప్పాలంటే అది మంచి ప్రశ్న. ఐదో షెడ్యూలు అమలు కాలేదని కేంద్ర పరీక్షా సంఘమే తన ప్రశ్నపత్రంలో ఒప్పుకున్నట్టు. ఈ మాట మన సంఘాలు దశాబ్దాలుగా కరపత్రాల్లో వేస్తున్నాయి. కానీ ఆ ప్రశ్న ఉన్నది భద్రత పేపర్లో. తుపాకీ లేకపోతే ఐదో షెడ్యూలు అమలు గురించి ఎవరైనా అడిగేవారా? 2015లో ఇంకో ప్రశ్న. పెద్ద పరిశ్రమల వల్ల గిరిజనులు, రైతులు పదేపదే నిర్వాసితులవుతున్నారని మొదలుపెట్టి, మల్కన్‌గిరి, నక్సల్బరీల పేర్లు తీసుకుని, అక్కడి జనాన్ని మళ్లీ ప్రధాన స్రవంతిలోకి తెచ్చే ఉపాయాలు చర్చించమన్నారు. మల్కన్‌గిరి మనకు పరాయిది కాదు. సీలేరు అవతల మన చుట్టాల ఊళ్లవి. ఊరు పోగొట్టుకున్నవాడిని ప్రశ్న మొదటి సగం గుర్తించింది. రెండో సగం వచ్చేసరికి మార్చవలసింది అతన్నే అయింది. ఇలాంటి ప్రశ్నకు మన పిల్లవాడు జవాబు రాస్తున్నప్పుడు తన మామ గురించి, తన ఊరి సంత గురించి 'వారిని ప్రధాన స్రవంతిలోకి' అని రాయాలి. 'మమ్మల్ని' అని రాయడానికి ఆ కాగితంలో చోటుండదు. రాసి రాసి అదే అలవాటవుతుంది. మా భయం మార్కుల గురించి కాదు, ఈ అలవాటు గురించి.

చట్టాల దగ్గర ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. గిరిజన భూమిని గనుల కోసం ప్రైవేటు వ్యక్తులకు బదలాయిస్తే, ఏ షెడ్యూలు కింద చెల్లదని ప్రకటించవచ్చు? ఇదీ 2019 ప్రిలిమ్స్ ప్రశ్నే. జవాబు ఐదో షెడ్యూలు. ఆ జవాబు వెనకున్నది 1997 నాటి సమత తీర్పు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ల కొట్లాట అది. 1959 ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ, వాటిని పట్టుకుని సుప్రీంకోర్టు దాకా నడిచిన మనుషులు, ఇవన్నీ కలిస్తే ఆ తీర్పు. కోచింగ్ నోట్సులో అదంతా ఒక్క గీతకు కుదించుకుపోతుంది: సమత, 1997, గనుల లీజులు. మన ప్రాంతంలో ఇప్పటికీ సాగుతున్న ఎల్టీఆర్ కేసులు ఆ గీతలో పట్టవు.

ఉపాధ్యాయ మిత్రులకు మరో తీర్పు గుర్తుచేయనక్కరలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. సివిల్స్ పుస్తకాల్లో ఇది రిజర్వేషన్లు యాభై శాతం దాటకూడదన్న సూత్రానికి ఒక ఉదాహరణ. గవర్నరు అధికారానికి ఉన్న హద్దులకు ఇంకో ఉదాహరణ. రెండూ పరీక్షకు పనికొస్తాయి. ఆ జీవో ఎందుకు వచ్చిందో పుస్తకంలో వెతకండి. ఒకటో తరగతి పిల్లకు అర్థమయ్యే భాష మాట్లాడే పంతులు కావాలని, వానాకాలంలో వాగు దాటి బడికి వచ్చే పంతులు కావాలని వచ్చింది. తీర్పులో మన బతుకును 'ఆదిమ సంస్కృతి' అన్న మాటతో ప్రస్తావించారు. భూగోళ పాఠంలో ఉన్న 'ఆదిమ' అన్న మాటే అది. పదో తరగతిలో చదివిన మాట మనిషితోపాటు ఎంత పైదాకా వెళ్తుందో చూడండి.

చరిత్ర సంగతి. హిస్టరీ ఆప్షనల్‌లో రైతాంగ, గిరిజన తిరుగుబాట్లకు ప్రత్యేకంగా చోటిచ్చారు. 1832 కోలులు, 1855 సంతాలుల హూల్, 1899-1900 ముండాల ఉల్గులాన్ పేరుపేరునా ఉన్నాయి. సంతోషం. రంప పేరు లేదు. 1879లో చిగురు పన్ను మీద, మన్సబుదారు మీద కారం తమ్మన్నదొరలాంటివాళ్లు లేచిన రంప పితూరీ ఆ కాలపు చట్రంలో అచ్చంగా ఇమిడేదే. పుస్తకాల్లో అది తరచుగా ఓ పట్టికలో ఒక అడ్డవరస: చోటు, ఏడాది, నాయకుడు. 1922-24 పోరాటం అల్లూరి పేరుతో నిలిచింది, గాం గంతందొర, మల్లుదొర ఆ పేరు వెనక్కి వెళ్లిపోయారు. 1940లో జోడెఘాట్‌లో చనిపోయిన కొమురం భీం ఇంకో చిక్కు. ఆయన నిజాం సర్కారుతో, దాని అడవి సిబ్బందితో కొట్లాడాడు. సిలబస్ శీర్షికేమో బ్రిటిష్ పాలనకు భారతీయుల ప్రతిస్పందన. శీర్షికకు సరిపోని మనిషి పాఠంలోకి రాడు.

ఆంత్రోపాలజీ ఆప్షనల్ మనవాళ్లకు కలిసొస్తుందని అందరూ చెప్తారు. అబద్ధం కాదు. భూమి అన్యాక్రాంతం, అప్పులు, ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులవడం, అటవీ విధానం అన్నీ అందులో ఉన్నాయి. ఐదువందల మార్కులు. ఆదిలాబాదు గోండుల మీద, పాపికొండల రెడ్ల మీద రాసిన హైమన్‌డార్ఫ్ పేరు అభ్యర్థులకు బాగా తెలుసు. ఆయన మన మధ్య ఉండి, గోండి నేర్చుకుని రాసినవాడు, ఆ గౌరవం మాకుంది. కానీ మన తాత గురించి మన పిల్లవాడు రాయాలంటే ముందు ఫలానా పండితుడు ఇలా అన్నాడని రాయాలి. తాత చెప్పింది రాస్తే ఆధారం ఏదంటారు. 2006లో ప్రభుత్వం 'ఆదిమ తెగలు' అన్న పేరు తీసేసి 'దుర్బల తెగలు' అని మార్చాక కూడా ఈ సిలబస్‌లో పాతపేరే అచ్చవుతూ వచ్చింది.

భాష దగ్గర అన్యాయం అంకెల్లోనే ఉంది. మెయిన్స్‌లో ఒక భారతీయ భాషా పేపరు గట్టెక్కాలి. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాష కావాలి. అరుణాచల్, మణిపూర్, మేఘాలయ, మిజోరం, నాగాలాండ్, సిక్కిం అభ్యర్థులకు ఈ పేపరు తప్పనిసరి కాదు. వాళ్ల భాషలు షెడ్యూలులో సరిగా లేవన్నది అందులో ఉన్న న్యాయం. ఆ న్యాయం చింతూరు కోయకు, సీతంపేట సవరకు, ఉట్నూరు గోండుకు వర్తించదు. 2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. సంస్కృతం అని చెప్పినవాళ్లు 24,821. సంస్కృతంలో ఆప్షనల్ రాయవచ్చు, గోండిలో రాయలేం. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలి, బోడో భాషలు షెడ్యూలులోకి వచ్చాయి, ఆ తర్వాతే వాటికి ఈ పరీక్షలో చోటు దొరికింది. పోరాడితే వస్తుందనడానికి అది సాక్ష్యం. తెలుగు సాహిత్యం ఆప్షనల్ తీసుకుందామంటే నన్నయ నుంచి గబ్బిలం, మహాప్రస్థానం దాకా ఉన్నాయి. నిర్ణీత పాఠ్యాల్లో ఆదివాసీ రాసినది ఒక్కటీ కనిపించదు. ఈ పుస్తకం చదివేవాళ్లకు ఆ లోటు ఎంతటిదో వేరే చెప్పాలా!

అలాగని పరీక్ష రాయొద్దనే వాదన మాది కాదు. అలా చెప్పేవాళ్ల పిల్లలు సాధారణంగా ఎక్కడో కోచింగ్‌లోనే ఉంటారు. మాకు ముఖ్యం అనిపించిన ప్రశ్న ఇంకొకటుంది. 2013 ప్రిలిమ్స్‌లో అటవీ హక్కుల చట్టం మీద అడిగారు: హక్కుల నిర్ణయ ప్రక్రియను మొదలుపెట్టే అధికారం ఎవరిది? జవాబు గ్రామసభ. ఆ జవాబుకు టిక్కు పెట్టినవాడు పాసై, కొన్నేళ్లకు కలెక్టరై, జిల్లాస్థాయి కమిటీకి అధ్యక్షుడవుతాడు. గ్రామసభ తీర్మానం చేసిన దరఖాస్తు చివరికి ఆ కమిటీ ముందుకే వస్తుంది. ఒప్పుకోవడం, తోసెయ్యడం అక్కడే. గ్రామసభ అని టిక్కు పెట్టిన చెయ్యి, గ్రామసభ తీర్మానాన్ని పక్కన పెట్టే చెయ్యి ఒకటే కావచ్చు. ఆ మధ్యకాలంలో అతను గ్రామసభను ఎక్కడ చూశాడు? ఎస్.ఆర్. శంకరన్, బి.డి. శర్మ లాంటివాళ్లూ ఐఏఎస్‌లే. వాళ్లు ఊళ్లలో నేర్చుకున్నది ఏ సిలబస్‌లోనూ లేదు, అందుకే వాళ్ల పేర్లు ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాం. మన పిల్లలకు ఆ పాఠం పుట్టుకతోనే అందుతుంది. పరీక్ష కోసం దాన్ని మరచిపోతేనే నష్టం.

2021లో ఒక ప్రశ్న వచ్చింది. గిరిజన జ్ఞాన వ్యవస్థ ప్రధాన స్రవంతి జ్ఞానంతో పోలిస్తే ఏ రకంగా ప్రత్యేకమో పరిశీలించమని, నూటయాభై మాటల్లో. బజారులో దొరికే నమూనా జవాబుల్లో మూలికలు, ప్రకృతి ఆరాధన, సమష్టి జీవనం వరసగా వస్తాయి. ఈ మూడు మాటలూ పేరు తెలియని ఏ తెగకైనా అంటించవచ్చు. మన పిల్ల రాస్తే ఇప్పపువ్వు ఏరే రోజుల్లో చెట్లు ఏ ఇంటివి ఏవో ఎవరు చెప్తారో రాయగలదు. కొత్తల పండగ చెయ్యకముందు కొత్త పంట ఎందుకు ముట్టరో రాయగలదు. జవాబుపత్రం దిద్దేవాళ్లకు పేరు కనపడదు కదా, రాస్తే పోయేదేముంది? కోచింగ్‌లో అలా రాయొద్దని చెప్తారు. సురక్షితమైన జవాబు రాయమంటారు. మేం ఈ ఒక్క విషయంలో కోచింగ్ మాట వినొద్దంటాం.

సిలబస్ మార్చే శక్తి ఈ రోజు మన చేతిలో లేదు. బడిలో ప్రశ్న అడిగే శక్తి ఉంది. తొమ్మిది, పది తరగతులకు చెప్పే ఉపాధ్యాయులు ఐదో షెడ్యూలు పాఠం వచ్చిన రోజున ఈ ప్రశ్నలు కూడా బోర్డు మీద రాసి చూడండి. పిల్లలు ఇంటికెళ్లి పెద్దవాళ్లనడిగి జవాబు తేవాలి.

మన ప్రాంతాన్ని 'ఏజెన్సీ' అని ఎందుకంటారు? 1839లో వచ్చిన గంజాం, విశాఖపట్నం చట్టానికీ ఈ మాటకూ సంబంధమేమిటి?

మీ ఊళ్లో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి ఏది? అది ఏ ఏడాది, ఎలా పోయింది?

మీ పంచాయతీలో చివరిసారి గ్రామసభ ఎప్పుడు జరిగింది? తీర్మానం ఏ భాషలో రాశారు, ఏ భాషలో చదివి వినిపించారు?

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని అటవీ హక్కుల దరఖాస్తు తోసేసిన కాగితం ఉందా? దాని మీద ఎవరి సంతకం ఉంది, కారణమేమని రాశారు?